రెండుసార్లు అమ్ముకున్న మేడ సీటు

మా నాన్నకి రైలు ఎక్కడం కంటే రైలు టికెట్టు ధర గురించి మాట్లాడటం ఎక్కువ ఇష్టం. కాచిగూడకీ గుంటూరుకీ మధ్య రెండంతస్తుల రైలు వేస్తున్నారని, అది మన పిడుగురాళ్లలో ఆగుతుందని తెలిసిన రోజు నరసరావుపేటలో మా స్టీలు సామాను కొట్లో మధ్యాహ్నం దాకా ఇంకో మాట లేదు. బిందె కొందామని వచ్చినవాళ్లు కూడా బిందె సంగతి పక్కనపెట్టి స్టూలు లాక్కుని కూర్చున్నారు. పక్కన బట్టల కొట్టాయన పేపరు పట్టుకొచ్చి అందరికీ వినపడేలా చదివాడు. ఆయన మాకు చుట్టం కాదు గాని గోడ ఒకటే కావడం వల్ల బాబాయి అయ్యాడు. అది ఏసీ బండి. పైన కొన్ని సీట్లు, కింద కొన్ని సీట్లు. టికెట్టు మాత్రం ఎక్కడ కూర్చున్నా ఒకటే.

అక్కడ మా నాన్న ఆగిపోయాడు.

"పైదానికీ కిందదానికీ ఒకటే రేటు ఎట్టా ఉంటదిరా?" అని నన్నడిగాడు, ఆ బండి నేనే వేసినట్టు.

"ఒకటేనంట నాన్నా."

"మన బజార్లో కింద కొట్టుకి అద్దె ఎంత? అదే బిల్డింగులో మేడ మీద కొట్టుకి ఎంత? సగం కూడా ఇయ్యరు. మెట్లెక్కి ఎవడొస్తాడని. మరి మెట్లెక్కించి కూడా కిందోడి కాడ తీసుకున్నంతే తీసుకుంటున్నారంటే, ఏదో తేడా ఉంది."

"అన్నా, రైలుకీ కొట్టుకీ ఏంది సంబంధం," అన్నాడు బాబాయి. "పైన కూచుంటే ఊళ్లన్నీ కనపడతయ్యి."

"ఊళ్లు చూడటానికి డబ్బులిచ్చేవాడు బిందెలేం కొంటాడు," అని మా నాన్న ఆ చర్చని అక్కడితో ముగించాడు.

నేను నవ్వాను. నవ్వాను గాని, నేనూ ఆ కొట్లో పెరిగినవాణ్నే. నెల తిరక్కుండా స్టేషన్లో టికెట్ల కిటికీ ముందు నిలబడి, "మేడ మీద సీటుకి ఏమన్నా తగ్గింపు ఉంటదాండీ?" అని నేనే అడిగాను.

లోపలున్నాయన తలెత్తి చూశాడు. "ఎందుకు తగ్గించాలి?"

"మెట్లు మేమే ఎక్కుతాం గదా."

ఆయన నవ్వలేదు. నా వెనకున్నవాళ్లు నవ్వారు. తగ్గింపు లేదు గాని, సీట్లు మాత్రం పైనే దొరికాయి. పైనే కావాలని పట్టుబట్టింది మా ఆవిడ.

ఆవిడ గురించి ఒక మాట చెప్పాలి. మాచర్లలో చెప్పుల కొట్టువాళ్ల అమ్మాయి. బేరంలో నన్ను మించినది గాని, పైకి చెప్పుకోదు. నేను చెప్పుకుంటాను, మా ఇద్దరికీ అదే తేడా. పెళ్లయినప్పటి నుంచి నన్ను నోరు తెరిచి ఏదీ అడగలేదు. హైదరాబాదులో వాళ్ల పెద్దనాన్న కూతురి పెళ్లికి వెళ్లాలన్నప్పుడు మాత్రం అడిగింది.

"బస్సొద్దు. ఆ రెండంతస్తుల బండిలో పోదాం. పైన కూచోవాలి."

"పైనెందుకు? కిందయితే సామాను పెట్టుకోవడం తేలిక."

"పైన కూచోవాలి," అంది మళ్లీ. వివరం చెప్పలేదు, నేనూ అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

పిడుగురాళ్ల దాకా బస్సులో వెళ్లి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాం. బండి వచ్చింది. నేను ఊహించుకున్నది ఒక రైలు మీద ఇంకో రైలు ఎక్కించినట్టు ఉంటుందని. తీరా చూస్తే మామూలు రైలు కంటే ఏమంత ఎత్తు లేదు. కింది కిటికీలు మా మోకాళ్ల దగ్గర ఉన్నాయి. మామూలు పెట్టెలో కిటికీలు ఉండాల్సిన చోట రెండంతస్తులకీ మధ్య గోడ ఉంది. తలుపులోంచి లోపలికి వెళితే కొన్ని మెట్లు పైకి, కొన్ని మెట్లు కిందకి. మా ఆవిడ సామాను నాకిచ్చి పై మెట్లు గబగబా ఎక్కేసింది. కిటికీ పక్కన కూర్చుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని, ఊరు కదలకముందే చూడటం మొదలుపెట్టింది. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎందుకంటే ఆ ముఖాన్ని నేను చూసింది సరిగ్గా పది నిమిషాలు.

బండి కదిలాక ఆవిడ చేతులు కడుక్కుని వస్తానని పెట్టె చివరికి వెళ్లింది. అప్పుడే ఒకాయన మెట్లెక్కి వచ్చాడు. మెడలో కెమెరా, వెనక వాళ్లావిడ.

"ఏమండీ, మాకు కింద వచ్చినయ్యి. మీరేమన్నా మారతారా? వీడియో తీసుకుందామని."

ఎవరైనా ఒక వస్తువు వంక అట్లా ఆశగా చూస్తే నాకు లోపల ఏదో మరలాంటిది తిరగడం మొదలుపెడుతుంది. ఆ వస్తువు నాకు కావాలా అక్కర్లేదా అన్న ఆలోచన రాదు. ఎంతకి పోతుంది అన్నదే ముందొస్తుంది. మా కొట్లో మాకు నేర్పిన మొదటి మాట, "ఇంట్లో ఒప్పుకోరండీ." దాని అర్థం వద్దని కాదు, ఇంకొంచెం పెంచమని. నేను అదే అన్నాను.

"మావి రెండూ కిటికీ సీట్లేనండీ, ఎదురెదురుగా," అన్నాడాయన.

మావాటిలో కిటికీ ఒకటే. అంటే అక్కడికే ఒక కిటికీ లాభం. నేను తల గోక్కున్నాను. ఆయన భార్య సంచీలోంచి ఒక డబ్బా తీసింది. "మా అమ్మ చేసిన సున్నుండలండీ, దారిలో తినండి."

నెయ్యి వాసన వచ్చింది. నేను ఇంక ఒప్పుకున్నట్టే, కానీ కొసరు అడక్కుండా బేరం ముగించడం నాకు చేతకాదు. కిలో పప్పు కొంటే గుప్పెడు పప్పు, మూర పూలు కొంటే నాలుగు మొగ్గలు, ఏదో ఒకటి పైన పడాలి. "మంచినీళ్ల సీసా ఏమన్నా ఉందాండీ?" అన్నాను. ఇచ్చారు. మూతకి సీలు కూడా తీయలేదు. చానా సంతోషపడ్డాను.

మా ఆవిడ తిరిగొచ్చి చూస్తే తన సీట్లో ఇంకొకావిడ కూర్చుని ఉంది. నేను కింది మెట్ల దగ్గర నుంచి చెయ్యి ఊపాను.

"ఏమే, ఇటు రా. రెండు కిటికీలు వచ్చినయ్యి."

ఆవిడ మెట్లు దిగి వచ్చింది. "వాళ్లెవరు మన సీట్లో?"

"మార్చా. ఇదిగో సున్నుండలు కూడా. వాసన చూడు."

"నన్నడక్కుండా నా సీటు అమ్మారా?"

"అమ్మలా. మార్చా."

"లాభం తీసుకుంటే అది అమ్మడమే. చెప్పుల కొట్లో పుట్టినదాన్ని, నాకు చెప్పమాకండి."

అని కూర్చుంది. నడికుడి వచ్చింది. బండి ఆగింది. అప్పుడు తెలిసింది నాకు, నేను కొన్నదేమిటో. కింది అంతస్తు ప్లాట్‌ఫారం కంటే కిందకి ఉంటుంది. కిటికీలోంచి చూస్తే ప్లాట్‌ఫారం నేల మన కళ్లకి సమానంగా ఉంటుంది. అద్దం నిండా కాళ్లు. మడమలు, పట్టీలు, ప్యాంటు అంచులు, చక్రాల సూట్‌కేసులు, ఒక కుక్క మూతి. మనిషన్నవాడు మోకాలి పైన కనపడడు.

మా ఆవిడ ఆ కాళ్ల వంక చూసి, నా వంక చూసింది.

"నాకు అయిదేళ్లప్పటి నుంచి పెళ్లయ్యేదాకా మా నాన్న కొట్లో పీట మీద కూచుని కాళ్లే చూశా," అంది. "వచ్చినోళ్ల మొహం చూసే తీరిక ఉండేది కాదు. సైజు చూడు, చెప్పు తియ్యి, తొడుగు. రెండంతస్తుల బండి అంటే, ఒక్కసారి పైనుంచి మనుషుల నెత్తులు చూద్దామనుకున్నా. టికెట్టు కొనుక్కుని కూడా కాళ్లేనా?"

నేను సున్నుండల డబ్బా మూత పెట్టేశాను.

అయితే ఆవిడ గుణం ఏమిటంటే, కోపంగా ఉన్నా కళ్లు ఊరుకోవు. మిర్యాలగూడలో ఒక జత నల్ల బూట్లు కిటికీ ముందు ఆగాయి. ఆవిడ కాసేపు చూసి, నాతో కాకుండా అద్దంతో అన్నట్టుగా అంది: "ఒక సైజు చిన్నది కొన్నాడు. రేటు తగ్గించారని పడకపోయినా తీసుకున్నాడు. చూడండి, లోపల వేళ్లు మడుచుకుంటే తోలు ఎట్టా ఉబ్బిందో." నాకు నవ్వొచ్చింది. అది నా గురించే అన్న సంగతి నల్గొండ దాటాక తట్టింది.

వచ్చేటప్పుడు పైనే కూర్చుందామని ప్రమాణం చేశాను. తీరా ఆ రోజుకి టికెట్లు దొరకలేదు, బస్సులో వచ్చాం. తర్వాత వెళదాంలే అన్నాను. కొట్టు, పిల్లల చదువులు, ఇంకోటి. అంతలో ఆ బండి మా దారిలో రావడం మానేసింది. ఎందుకు మానేసిందో నాకు తెలియదు. మా నాన్న మాత్రం, "నేను ముందే చెప్పా, మేడ మీద కొట్టు నిలబడదని," అన్నాడు.

ఇంట్లో ఆ సీటు మాత్రం నిలబడిపోయింది. నేను ఏ బేరం చేసుకుని వచ్చి గొప్ప చెప్పబోయినా, "ఇంతకీ ఈసారి ఏం అమ్మి తెచ్చారు?" అనేది. పుల్లవిరుపుగా కాదు, నవ్వుతూనే. అదే ఇబ్బంది. కోపంగా అంటే తిరిగి ఏదో ఒకటి అనొచ్చు.

ఈ మధ్య మా పెళ్లిరోజు దగ్గరికి వస్తుండగా, ఫోన్లో ఒక వీడియో కనపడింది. విజయవాడలో ఒక పెద్దాయన మన రైళ్లని చిన్నగా తయారుచేస్తాడు. పట్టాలు, ఇంజను బయట నుంచి తెప్పిస్తాడు గాని, పెట్టెలు ఆయనే ప్లాస్టిక్కు రేకు కోసి, అతికించి, రంగు వేస్తాడు. ఆ వీడియోలో ఒక రెండంతస్తుల పెట్టె ఉంది. అసలు బండి పోయింది, బొమ్మన్నా తెచ్చి ఇస్తే నా పేరు కొంత బాగుపడుతుందనుకున్నాను. మర్నాడే కొట్టు నాన్నకి అప్పజెప్పి విజయవాడ బస్సెక్కాను.

ఆ పెద్దాయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ డ్రాయింగులు గీసినవాడు. ముందుగది నిండా బల్ల, బల్ల నిండా పట్టాలు, వేలంత మనిషి బొమ్మ కూడా లేని ప్లాట్‌ఫారాలు, అగ్గిపెట్టెంత టికెట్ల గది. రెండంతస్తుల పెట్టె ఒకటి సగంలో ఉంది, పైకప్పు ఇంకా పెట్టలేదు. దాన్ని నా చేతిలో పెట్టాడు.

"చూశారా, ఇందులో ఉన్న కిటుకు," అన్నాడు. "పైన కరెంటు తీగ ఉంటుంది, వంతెనలు ఉంటాయి. కాబట్టి పెట్టె ఇంత ఎత్తుకి మించకూడదు. కింద పట్టా ఉంటుంది. ఆ రెంటి మధ్యలో రెండంతస్తులు ఇరికించాలి. అందుకని కింది నేలని చక్రాల మధ్యకి దించేశారు. చక్రాల మీద దించడానికి వీల్లేదు గనక, పెట్టె రెండు చివర్లా మాత్రం ఒకటే అంతస్తు. అక్కడ కూర్చున్నవాడు పైనా కాదు, కిందా కాదు."

నాకు భలే ముచ్చటేసింది. మా కొట్లో స్థలం చాలక నాన్న బల్లచెక్కలతో అటక వేయించిన రోజు గుర్తొచ్చింది. అటక మీద కూర్చునే పని చేయాలి, అటక కింద వంగే నడవాలి, కానీ సామాను రెండింతలు పట్టింది. గవర్నమెంటువాళ్లు కూడా మా నాన్నలాగే ఆలోచించారన్నమాట. అయితే పైన కూర్చున్నవాడికి అదే రేటు ఎందుకో ఇప్పటికి అర్థమైంది. ఇద్దరి దగ్గరా ఎత్తు కొంత కొంత కోసుకున్నారు.

ఇక ధర దగ్గరికి వచ్చాం. ఆయన ఒక అంకె చెప్పాడు. చెప్పి ఊరుకున్నాడు. "మీరైతే ఎంతిస్తారు" అని గాని, "మీకు కాబట్టి" అని గాని, ఏ మాటా లేదు. బేరం ఆడనివాడితో బేరం ఆడటం గోడతో చెడుగుడు ఆడినట్టు ఉంటుంది. అయినా వదల్లేదు. మొత్తం తగ్గకపోతే ముక్కలు ముక్కలుగా తగ్గించడం మా పద్ధతి.

"ఇందులో ఏమేం కలిసినయ్యండీ?"

"పెట్టె, చక్రాలు, రంగు, లోపలి మెట్లు, సీట్లు."

"సీట్లంటే, లోపల ఉండేవా?"

"లోపలే ఉంటాయి."

"లోపల ఉండేవాటిని ఎవరు చూస్తారండీ?"

ఆయన కళ్లజోడు తీశాడు. "నేను చూస్తాను."

"మీరు చూస్తారు సరే, కొనేది నేను గదా. సీట్లు తీసేసి చెప్పండి."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, పెట్టెని నా చేతిలోంచి తీసుకున్నాడు. "కింది సీట్లు అప్పుడే అతికించేశాను. అవి పీకను. పైవి వద్దంటే మానేస్తాను." కొంత తగ్గించాడు. కింది సీట్లకి విడిగా ఏమీ వేయలేదు. అంటే అవి నాకు కొసరు. అంత మొండిమనిషి దగ్గర ధరా తగ్గించుకుని, కొసరూ తీసుకున్నానని, నన్ను నేను బస్సులో నరసరావుపేట దాకా మెచ్చుకుంటూనే ఉన్నాను.

మీరు ఈపాటికి కనిపెట్టే ఉంటారు. నేను కనిపెట్టలేదు.

పెట్టె పూర్తయ్యాక, నేను విడిగా కొన్న పట్టాలూ ఇంజనూ కలిపి ఆయన పంపించాడు. పెళ్లిరోజు పొద్దున హాల్లో నేల మీద పట్టాలు గుండ్రంగా పరిచి, పెట్టెని ఇంజనుకి తగిలించి, మీట నొక్కాను. బండి కదిలింది. బల్ల కాళ్ల మధ్య నుంచి దూరి, సోఫా పక్కగా తిరిగి, గుయ్‌మని మళ్లీ మా ముందుకొచ్చింది. మా ఆవిడ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అదే బండి," అంది.

"అదే. నీకే."

చీర కొంగు దోపుకుని నేల మీద కూర్చుంది. నాలుగు చుట్లు తిరగనిచ్చింది. మా నాన్న వచ్చి కుర్చీలో కూర్చుని, బండిని కాకుండా నన్ను చూసి, "ఎంత చెప్పాడు, ఎంతకిచ్చాడు?" అని అడిగాడు. చెప్పాను. "నేనైతే పట్టాలు కూడా అందులోనే తెచ్చేవాణ్ని," అన్నాడు గాని, సంతోషించాడని తెలుస్తూనే ఉంది.

ఆవిడ బండిని ఆపమంది. ఆపాను. నేల మీద చెంప ఆనించి, ఫోన్లో లైటు వేసి, కిటికీలోకి ఒక కన్ను పెట్టి చూసింది. కింది వరస చూసింది. పై వరస చూసింది. మళ్లీ కింది వరస చూసింది.

"కింద సీట్లు ఎంత బాగున్నయ్యి. ఎర్రగా, వరసగా," అంది. తర్వాత మెల్లగా, "మేడ మీద సీట్లేవండీ?"

నేను వంగి, సరిగ్గానే ఉన్న పట్టాని సర్దబోయాను.

"అవి... లోపల గదా. ఎవరు చూస్తారని."

"అని?"

"తీసేయమన్నా."

"తగ్గించాడా?"

"తగ్గించాడు."

ఆవిడ అట్లాగే నేల మీద పక్కకి ఒరిగిపోయింది. నేను కంగారుపడి దగ్గరికి వెళ్లాను. నవ్వుతోంది. ఊపిరాడక, కళ్ల వెంట నీళ్లు కారుతూ, నేలని చేత్తో కొడుతూ నవ్వుతోంది. "మామయ్యా, చూశారా మీ అబ్బాయిని," అంది మా నాన్నతో, "అసలు బండిలో నా సీటు అమ్ముకున్నాడు. ఇప్పుడు బొమ్మ బండిలో సీటు కూడా అమ్ముకొచ్చాడు."

మా నాన్న గంభీరంగా ఆలోచించి, "సీటుకి ఎంత చొప్పున తగ్గించాడ్రా?" అన్నాడు. దాంతో ఆవిడ నవ్వు మళ్లీ మొదటికొచ్చింది.

నేను ఆ పూటే విజయవాడ వెళ్లి పై సీట్లు పెట్టించుకొస్తానన్నాను. ఎంతయినా సరే అని కూడా అన్నాను. మా వంశంలో ఆ మాట బయటికి అనడం బహుశా అదే మొదలు. ఆవిడ వద్దంది. నవ్వు ఆపుకుని లేచి కూర్చుంది.

"బొమ్మలో సీటు నాకెందుకు? నేను పడతానా అందులో? విశాఖ పోయే రెండంతస్తుల బండి ఇప్పుడు గుంటూరు నుంచి బయలుదేరుతుందంట. మా చెల్లి ఏలూరులో ఉంది. ఏలూరు దాకా నేనే టికెట్లు తీస్తా. మీరు రండి. ఒకటే షరతు. బండెక్కిన కాడి నుంచి దిగేదాకా ఎవరితోనూ మాట్లాడకూడదు."

"టీ అమ్మేవాడితో కూడానా?"

"వాడితో అసలు మాట్లాడకూడదు."

టికెట్లు తీసేముందు ఆవిడ ఆ బొమ్మ పెట్టెని ఒళ్లో పెట్టుకుని, ఫోన్లో సీట్ల పటంతో సరిపోల్చింది. పెద్దాయన చెప్పిన పైనా కిందా కాని సీట్లు ఏవో చూసి, వాటిని తప్పించింది. రెండూ పైన, ఒకటి కిటికీ. డబ్బులు కట్టేముందు నావైపు చూసి, "తగ్గింపు ఏమన్నా అడగమంటారా?" అంది. నేను షరతు అప్పుడే మొదలైందనుకుని నోరు మూసుకున్నాను.

గుంటూరులో మధ్యాహ్నం ఎండలో ఎక్కాం. ఆవిడ మెట్లు ముందు ఎక్కింది. కిటికీ పక్కన తను కూర్చుని, మూడు సీట్ల వరసలో నన్ను మధ్యలో కూర్చోబెట్టింది. ఇటువైపు దారి పక్కన ఎవరో కుర్రాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నిద్రపోతున్నాడు. అంటే ఎవరు నా దగ్గరికి వచ్చి ఏదడగాలన్నా అతన్ని దాటాలి. ఆవిడ సీట్ల నంబర్లు ఎంత లోతుగా చూసి తీసిందో అప్పుడు తెలిసింది.

బండి కదిలాక ఆవిడ నాకు చెప్పడం మొదలుపెట్టింది. నాకు మాట్లాడే హక్కు లేదు గాని వినే హక్కు ఉంది. డాబాల మీద ఆరబెట్టిన చీరలు. లారీ టాపు మీద పడుకున్న క్లీనరు. గోడ అవతల దాక్కుని ఫోను మాట్లాడుకుంటున్న ఆడపిల్ల. "గోడ దేనికి కట్టారో, అదంతా కనపడతంది," అంది ఆవిడ, ఎవరిదో రహస్యం దొరికినట్టు. కృష్ణ వంతెన మీదకి వచ్చినప్పుడు మాత్రం అద్దానికి నుదురు ఆనించింది.

విజయవాడలో బండి ఆగింది. ప్లాట్‌ఫారం కిక్కిరిసి ఉంది. ఆవిడకి కావలసింది అదే. కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుంది.

"చూడండి, ఆయన ముందు నుంచి చూస్తే ఒత్తైన జుట్టు. నడినెత్తిన రూపాయి బిళ్లంత ఖాళీ. ఆయనకి తెలిసి ఉండదు. ఆవిడ చూడండి, మల్లెపూలు ఒకవైపే పెట్టుకుంది, రెండోవైపు పిన్నీసు. ఆ పాపకి రెండు జడల మధ్య పాపిట ఎంత చక్కగా తీశారో. వాళ్లమ్మకి చెప్పాలి."

జామకాయల బుట్ట ఒకటి మా కిటికీ కింద నుంచి వెళ్లింది. పైన అన్నీ నిగనిగలాడే కాయలు. "పైనుంచి చూస్తే అన్నీ మంచి కాయలేనండీ," అంది. ఆ మాటకి నేను నవ్వకుండా ఉండలేకపోయాను. అడుగున ఏం పెడతారో మా ఇద్దరికీ తెలుసు.

అంతసేపు ఆవిడ అట్లా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. కొట్లో ఉన్నా ఇంట్లో ఉన్నా, ఆవిడ మాటలు పనికి సరిపడా ఉంటాయి. ఇక్కడ పని లేదు. ఎవరికీ ఏదీ తొడగనక్కర్లేదు. కింద ఎంతమంది తిరుగుతున్నా ఒక్కరు కూడా తలెత్తి ఆవిణ్ని ఏమీ అడగరు.

ఎండ పసుపురంగుకి తిరిగే వేళకి ఏలూరు దగ్గర పడింది. నేను సంచీ అందుకున్నాను. ఆవిడ కదల్లేదు. నేను సైగ చేశాను.

"నేను దిగను," అంది.

షరతు అయిపోయిందో లేదో తెలియక నేను కళ్లతోనే అడిగాను.

"ఇంకా వెలుతురుంది గదా. ఇంకొంచెం దూరం పోదాం. టీటీ గారు అక్కడే ఉన్నారు, అడగండి ఈ సీట్లు ముందుకి ఖాళీయేనేమో."

అడిగాను. తాడేపల్లిగూడెం దాకా ఆ రెండు సీట్లూ ఖాళీయేనట. టికెట్టు పొడిగించడానికి ఎంతవుతుందో చెప్పాడాయన. నా నోరు దానంతట అదే తెరుచుకుంది. "సార్, ఒక్క స్టేషనే గదా..." అని వచ్చేసింది. వెనక నుంచి ఆవిడ నా చొక్కా అంచు పట్టుకుని ఒక్కసారి లాగింది. నేను జేబులో చెయ్యి పెట్టి, ఆయన చెప్పినంతా తీసి ఇచ్చాను. కొసరు అడగలేదు. రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఇంతలో ఏలూరు వచ్చింది. ఆవిడ ఫోను మోగింది. వాళ్ల చెల్లెలు.

"ఏందక్కా, బండొచ్చింది, అందరూ దిగుతన్నారు, మీరు కనపడరేంది?"

"నువ్వు కనపడుతున్నావే. పైనుంచి చూస్తున్నా. పాపిట వంకరగా తీశావు."

ప్లాట్‌ఫారం మీద ఒకామె చటుక్కున తల తడుముకుని, పైకి చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"దిగక్కా. బండి కదులుతది."

"దిగను. తాడేపల్లిగూడెం పోతన్నాం."

"అక్కడ ఎవరున్నారు మనవాళ్లు?"

"ఎవరూ లేరు."

"మరి ఏం పని?"

"ఏం పనీ లేదే. తిరుగు బండికి వస్తాం. అన్నం వండి పెట్టు."

బండి కదిలింది. వాళ్ల చెల్లెలు కిటికీ వెంబడి నాలుగడుగులు నడిచి, మా ఇద్దర్నీ వేలుతో బెదిరిస్తూ, నవ్వుతూ వెనకబడిపోయింది. మా ఆవిడ అద్దంలోంచి ఆ వంకర పాపిట కనపడినంతసేపూ చూసింది. తర్వాత చెప్పులు విడిచి, కాళ్లు పైకి మడుచుకుని, సీటులో సర్దుక్కూర్చుంది.

"ఎంత తీసుకున్నాడు?" అంది కాసేపటికి.

చెప్పాను.

"చవకే," అని మళ్లీ బయటికి తిరిగింది.